వాల్యూ షేరు, గ్రోత్ షేరు: గీత ఎవరు గీస్తారు, ఎక్కడ గీస్తారు?

కొత్తమదుపరి
ఒకే సంస్థ నడిపే వాల్యూ ఇండెక్స్, గ్రోత్ ఇండెక్స్ జాబితాలు పక్కపక్కన పెట్టి చూస్తే కొన్ని కంపెనీలు రెండింట్లోనూ కనిపిస్తున్నాయి. పీఈ (ధరను ఒక్కో షేరు లాభంతో భాగిస్తే వచ్చే అంకె) తక్కువైతే వాల్యూ, ఎక్కువైతే గ్రోత్ అని అందరూ చెప్పే మాట. అదే నిజమైతే ఒకే కంపెనీ రెండు చోట్ల ఎలా ఉంటుంది? ఈ గీతను ఏ లెక్కతో గీస్తున్నారో కాస్త వివరంగా చెప్పండి.

సూచీపురుగు
అది పొరపాటు కాదండీ, ఆ సూచీలు కట్టే పద్ధతే అంత. పైగా ఒక్కో సంస్థది ఒక్కో లెక్క.

రస్సెల్ మూడు అంశాలు చూస్తుంది. బుక్ వాల్యూను (ఆస్తుల్లోంచి అప్పులన్నీ తీసేస్తే మిగిలేది) ధరతో భాగిస్తే వచ్చే అంకెకు 50 శాతం వెయిటేజీ. విశ్లేషకుల రెండేళ్ల వృద్ధి అంచనాకు 25 శాతం. గత ఐదేళ్లలో ఒక్కో షేరుకు అమ్మకాలు ఎంత పెరిగాయన్నదానికి మిగతా 25 శాతం. మూడూ కలిపి ఒక స్కోరు ఇస్తారు. ఆ స్కోరు ఒక కొసన ఉన్నవి పూర్తిగా వాల్యూ, రెండో కొసన ఉన్నవి పూర్తిగా గ్రోత్. మధ్యలో పడ్డవాటి మార్కెట్ క్యాప్‌ను (మొత్తం షేర్ల మార్కెట్ విలువ) రెండు సూచీలకూ పంచుతారు. స్థూలంగా 70 శాతం పూర్తిగా ఒక వైపుకి పోతాయి, 30 శాతం రెండు వైపులా ఉంటాయి. మీకు రెండు చోట్లా కనిపించినవి ఇవే. ఒక కంపెనీ బరువు 60 శాతం వాల్యూలో, 40 శాతం గ్రోత్‌లో ఉండొచ్చు. రెండూ కలిపితే 100.

ఎస్ అండ్ పీ ఆరు అంశాలు చూస్తుంది. వాల్యూ వైపు: ధరతో పోలిస్తే బుక్ వాల్యూ, లాభం, అమ్మకాలు. గ్రోత్ వైపు: మూడేళ్లలో ఈపీఎస్‌లో (ఒక్కో షేరుకు వచ్చే లాభం) వచ్చిన మార్పును ప్రస్తుత ధరతో భాగించిన అంకె, మూడేళ్ల షేరువారీ అమ్మకాల వృద్ధి, 12 నెలల ధర మొమెంటమ్ (ఆ కాలంలో ధర ఎంత పెరిగిందన్నది). ఈ చివరిదాన్ని గుర్తుపెట్టుకోండి. ధర పెరగడాన్నే గ్రోత్ లక్షణంగా లెక్కేస్తున్నారన్నమాట! పూర్తి గ్రోత్, పూర్తి వాల్యూ తలా 33 శాతం మార్కెట్ క్యాప్. మధ్యలోని 34 శాతాన్ని పంచుతారు. ప్యూర్ గ్రోత్, ప్యూర్ వాల్యూ అని వేరే సూచీలున్నాయి, వాటిలో ఈ పంపకం ఉండదు.

ఎంఎస్‌సీఐ 2003 వరకూ ఒక్క పీబీతోనే (ధర ÷ బుక్ వాల్యూ) వేరు చేసేది. ఆ తర్వాత వాల్యూకు మూడు (బుక్ వాల్యూ, రాబోయే 12 నెలల లాభం, డివిడెండ్, మూడూ ధరతో పోల్చి), గ్రోత్‌కు ఐదు అంశాలు పెట్టి రెండు అక్షాల మీద కొలుస్తోంది.

ఈ తేడాలు కాగితం మీదే ఆగవు. 2022లో మెటా ధర బాగా పడ్డాక రస్సెల్ జూన్ సవరణలో దాని బరువులో కొంత వాల్యూ సూచీకి వెళ్లింది. అదే ఏడాది డిసెంబర్‌లో ఎస్ అండ్ పీ సవరణ జరిగేసరికి చమురు కంపెనీలు గ్రోత్ సూచీలో గట్టిగా చేరాయి. 2020లో అడుగంటిన లాభాలు 2022కి ఆకాశానికెక్కాయి, మొమెంటమ్ కూడా తోడైంది. చమురు వ్యాపారం మారలేదు, సూత్రంలోకి వెళ్లే అంకెలు మారాయి.

లెక్కలపుస్తకం
సూచీపురుగు గారు చెప్పిన "రెండు అక్షాలు" అన్నదే ఇక్కడ అసలు విషయం. వాల్యూ అన్నది ధర గురించి చెప్పేది. గ్రోత్ అన్నది వ్యాపారం గురించి చెప్పేది. చవకకి వ్యతిరేకం ఖరీదు. వృద్ధికి వ్యతిరేకం నిలకడ లేదా క్షీణత. రెండింటినీ ఒకే గీతకి రెండు కొసలుగా పెట్టడం వల్లే ఇంత గందరగోళం. చవకగా దొరికే వృద్ధి కంపెనీలుంటాయి, ఖరీదుగా అమ్ముడయ్యే ఎదుగూ బొదుగూ లేని కంపెనీలూ ఉంటాయి. రెండో రకం ఏ బుట్టలోనూ సరిగ్గా ఇమడదు. ఒకే గీత మీద లెక్కేసే సూచీలో మాత్రం పీబీ ఎక్కువ ఉందన్న ఒక్క కారణంతో గ్రోత్ వైపు జారుకుంటుంది.

వారెన్ బఫెట్ 1992 నాటి వాటాదారుల లేఖలో ఇదే వాదించారు: విలువ లెక్కించడంలో వృద్ధి ఒక భాగమే, అది విలువను పెంచనూ వచ్చు, తగ్గించనూ వచ్చు. "తగ్గించనూ వచ్చు" అన్నదాన్ని చాలామంది దాటేస్తారు. లెక్కలో చూద్దాం.

వృద్ధి స్థిరంగా ఉంటుందనుకుంటే, వచ్చే ఏడాది లాభం మీద న్యాయమైన పీఈ ఇలా వస్తుంది:

పీఈ = (1 − వృద్ధి ÷ ఆర్‌ఓఈ) ÷ (కోరే రాబడి − వృద్ధి)

ఆర్‌ఓఈ అంటే బుక్ వాల్యూ మీద వచ్చే లాభశాతం. కోరే రాబడి అంటే మదుపరి ఏటా ఆశించేది, అది 12 శాతం అనుకోండి.

ఆర్‌ఓఈ 20 శాతం, వృద్ధి సున్నా: పీఈ 8.3
ఆర్‌ఓఈ 20 శాతం, వృద్ధి 8 శాతం: పీఈ 15
ఆర్‌ఓఈ 12 శాతం, వృద్ధి సున్నా అయినా 8 అయినా: పీఈ 8.3
ఆర్‌ఓఈ 10 శాతం, వృద్ధి సున్నా: పీఈ 8.3
ఆర్‌ఓఈ 10 శాతం, వృద్ధి 8 శాతం: పీఈ 5

చివరి రెండు వరుసలు మళ్లీ చూడండి. కోరే రాబడి కన్నా తక్కువ ఆర్‌ఓఈ ఉన్న కంపెనీ ఎంత వేగంగా పెరిగితే వాటాదారుడికి అంత నష్టం. 8 శాతం పెరగడానికి లాభంలో 80 శాతం తిరిగి వ్యాపారంలో పెట్టాలి, ఆ డబ్బు మీద వచ్చేది 10 శాతమే. కాబట్టి పీఈ 5 ఉన్నంత మాత్రాన అది చవక కాదు. దాని విలువే అంత.

నిదానం
లెక్కలపుస్తకం గారి మాటకు పూర్తిగా ఒప్పుకుంటూనే పాత కొలతల తరఫున ఒక మాట. వాల్యూ పద్ధతికి ఆద్యుడైన బెంజమిన్ గ్రాహం జాగ్రత్తపరుడైన మదుపరికి పీఈ 15, పీబీ 1.5 దాటకూడదన్నారు, రెండింటినీ గుణిస్తే 22.5 లోపు ఉంటే ఒకటి కాస్త ఎక్కువైనా సర్దుకోవచ్చన్నారు. అంతకన్నా కఠినమైనది నెట్-నెట్: కరెంట్ అసెట్స్‌లోంచి (ఏడాదిలోపు నగదయ్యే ఆస్తులు) మొత్తం అప్పులు, బాకీలు అన్నీ తీసేసి, మిగిలినదానిలో మూడింట రెండొంతులకన్నా తక్కువకు కంపెనీ మొత్తం దొరికితేనే కొనడం. అక్కడ ఫ్యాక్టరీ, భూమి, బ్రాండ్ అన్నీ లెక్కలో సున్నా.

ఇవన్నీ జల్లెడలు మాత్రమే, నిర్ణయాలు కావు. జల్లెడలో మిగిలినవాటిలో ఉచ్చులు ఎక్కువ. ఎక్కువగా దెబ్బకొట్టేవి రెండు.

ఒకటి, సైక్లికల్ వ్యాపారాలు, అంటే మంచి రోజులు, చెడ్డ రోజులు మారిమారి వచ్చేవి. ఒక ఉక్కు కంపెనీ అనుకోండి. మంచి రోజుల్లో ఈపీఎస్ 40, ధర 200, పీఈ 5. చెడ్డ రోజుల్లో ఈపీఎస్ 4, ధర 120, పీఈ 30. పీఈ చూసి కొనేవాడు 200కి కొని 120కి అమ్ముతాడు. పదేళ్ల సగటు ఈపీఎస్ 14 అయితే, ఆ సగటు మీద చూస్తే 200 దగ్గర 14.3, 120 దగ్గర 8.6. ఇప్పుడు బొమ్మ సరిగ్గా తిరగబడింది. ఇలాంటివాటికి కనీసం ఒక పూర్తి చక్రం సగటు తీసుకోవాలి. గ్రాహం కూడా ఏడు నుంచి పదేళ్ల సగటే సూచించారు. ఈ మధ్యలో కంపెనీ ఉత్పత్తి సామర్థ్యం రెట్టింపైతే పాత ఈపీఎస్‌ల సగటు కూడా తప్పుదారి పట్టిస్తుంది. అప్పుడు సగటు లాభశాతం తీసుకుని ఇప్పటి అమ్మకాలకు వర్తింపజేయండి.

రెండు, ఒక్కసారి వచ్చే లాభం. ధర 300, ఈపీఎస్ 30, పీఈ 10. కానీ ఆ 30లో 18 భూమి అమ్మితే వచ్చింది. అసలు వ్యాపారం సంపాదించింది 12, అసలు పీఈ 25. స్క్రీనర్ సైట్లు (షేర్లను అంకెలతో జల్లెడపట్టేవి) చాలామట్టుకు దీన్ని సవరించవు. లాభనష్టాల ఖాతాలో "ఇతర ఆదాయం", "అసాధారణ అంశాలు" అన్న రెండు వరుసలు చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

చవక షేర్లలోంచి నిలబడేవాటిని ఏరడానికి అకౌంటింగ్ పరిశోధకుడు జోసెఫ్ పియోట్రోస్కీ 2000లో ప్రచురించిన తొమ్మిది ప్రశ్నల పరీక్ష ఇప్పటికీ పనికొస్తుంది. ఆస్తుల మీద రాబడి సున్నాకి పైనుందా, నిర్వహణ నగదు ప్రవాహం సున్నాకి పైనుందా, ఆస్తుల మీద రాబడి నిరుటికన్నా పెరిగిందా, లాభం కన్నా నగదు ఎక్కువ వచ్చిందా, దీర్ఘకాలిక అప్పుల నిష్పత్తి తగ్గిందా, కరెంట్ రేషియో (కరెంట్ అసెట్స్ ÷ ఏడాదిలోపు తీర్చాల్సిన బాకీలు) పెరిగిందా, కొత్త షేర్లు జారీ చేయకుండా ఉన్నారా, గ్రాస్ మార్జిన్ (సరుకు ఖర్చు పోను అమ్మకాల్లో మిగిలే శాతం) పెరిగిందా, ఆస్తుల టర్నోవర్ (అమ్మకాలు ÷ ఆస్తులు) పెరిగిందా. ఒక్కో అవునుకి ఒక మార్కు. బ్యాంకులకు మాత్రం దీన్ని వాడొద్దు. కరెంట్ రేషియో, గ్రాస్ మార్జిన్ అన్నవాటికి అక్కడ అర్థమే లేదు.

కొత్తమదుపరి
పీబీ గురించి ఒక సందేహం. సాఫ్ట్‌వేర్, మందుల కంపెనీలు ఎప్పుడు చూసినా గ్రోత్ వైపే ఉంటున్నాయి. వాటిలో చవకైనవి అసలుండవా, లేక కొలతలోనే తేడా ఉందా?

పుస్తకవిలువ
తేడా కొలతలోనే ఉంది. ఫ్యాక్టరీ కడితే ఆ ఖర్చు ఆస్తిగా బ్యాలెన్స్‌షీట్‌లో కూర్చుంటుంది. పరిశోధనకు పెట్టిన డబ్బు మాత్రం అమెరికా అకౌంటింగ్‌లో 1974లో వచ్చిన ప్రమాణం ప్రకారం దాదాపు మొత్తం అదే ఏడాది ఖర్చుగా రాసేస్తారు. అంతర్జాతీయ ప్రమాణం ఐఏఎస్ 38 అభివృద్ధి దశ ఖర్చును కొన్ని షరతుల మీద ఆస్తిగా చూపనిస్తుంది, పరిశోధన దశ ఖర్చును చూపనివ్వదు. ఫలితంగా ఇలాంటి కంపెనీల బుక్ వాల్యూ ఉండాల్సినదానికన్నా చిన్నదిగా, పీబీ పెద్దదిగా కనిపిస్తుంది.

సవరించే పద్ధతి ఇది. ఏటా 100 చొప్పున పరిశోధన ఖర్చు, దాని ఫలం ఐదేళ్లు ఉంటుందనుకుందాం. ఈ ఏడాదిది పూర్తిగా 100, నిరుటిది 80, అంతకుముందువి 60, 40, 20. మొత్తం 300 కనిపించని ఆస్తి. ప్రకటించిన బుక్ వాల్యూ 400, మార్కెట్ క్యాప్ 2100 అయితే పీబీ 5.25. సవరించాక బుక్ వాల్యూ 700, పీబీ 3. ఖర్చు ఏటా ఒకేలా ఉంది కాబట్టి లాభం మారదు (పన్నును పక్కన పెట్టాను). లాభం 140 అయితే ఆర్‌ఓఈ 35 శాతం నుంచి 20 శాతానికి దిగుతుంది. కంపెనీ మనం అనుకున్నంత ఖరీదూ కాదు, అనుకున్నంత గొప్పదీ కాదు. ఎన్నేళ్లు వేయాలన్నది మీ అంచనాయే. సాఫ్ట్‌వేర్‌కి మూడు, మందులకి పది దగ్గర మొదలుపెట్టి, మార్చి మార్చి చూడండి.

బైబ్యాక్ చేసే తమాషా కూడా ఇలాంటిదే. బుక్ వాల్యూ 1000, లాభం 150, మార్కెట్ క్యాప్ 3000. పీబీ 3, పీఈ 20. ఇప్పుడు కంపెనీ 600 అప్పు తెచ్చి సొంత షేర్లు కొనేసింది. బుక్ వాల్యూ 400 అయింది, మార్కెట్ క్యాప్ 2400 దగ్గర ఉంటుంది, పీబీ 6! పన్ను పోను 6 శాతం వడ్డీ వేస్తే లాభం 114, పీఈ 21. వ్యాపారంలో ఒక్క నట్టు కూడా మారలేదు, పీబీ మాత్రం రెట్టింపైంది. మెక్‌డొనాల్డ్స్‌లాంటి కంపెనీల బుక్ వాల్యూ ఏకంగా మైనస్‌లోకి పోవడానికి ప్రధాన కారణం ఇదే. అక్కడ పీబీకి అర్థమే లేదు.

ఇలాంటి చోట ఎంటర్‌ప్రైజ్ వాల్యూ వాడాలి: మార్కెట్ క్యాప్, అప్పు, మైనారిటీ వాటా (అనుబంధ కంపెనీల్లో బయటివాళ్ల భాగం), ప్రిఫరెన్స్ షేర్లు (డివిడెండ్‌లో ముందు హక్కు ఉన్నవి) కలిపి అందులోంచి నగదు తీసేయడం. పై ఉదాహరణలో బైబ్యాక్‌కి ముందూ వెనకా అది 3000 దగ్గరే ఉంటుంది. దాన్ని నిర్వహణ లాభంతో పోల్చండి. ఎబిటా (వడ్డీ, పన్ను, యంత్రాల తరుగు తీయకముందు లాభం) వాడితే యంత్రాలు అరిగిపోయే వ్యాపారాలు లేనిపోని చవకగా కనిపిస్తాయి.

నిదానం
బ్యాంకులకు, బీమా కంపెనీలకు మాత్రం పీబీయే నయం. అక్కడ ఎంటర్‌ప్రైజ్ వాల్యూ పనికిరాదు, డిపాజిట్లూ అప్పులూ వాళ్లకి ముడిసరుకు. పీబీని ఒంటరిగా కాక ఆర్‌ఓఈతో జతచేసి చూడాలి. ఆర్‌ఓఈ 8 శాతం ఉన్న బ్యాంకు పీబీ 0.6 దగ్గర దొరికితే అది మార్కెట్ చేసిన సరైన లెక్క కావొచ్చు.

ఎదుగుదల
ఇప్పటిదాకా చర్చంతా వాల్యూ వైపే నడిచింది. గ్రోత్ అని ముద్ర వేసేటప్పుడు జరిగే తప్పులు ఇంకా ఎక్కువ.

వృద్ధిని ఎప్పుడూ ఒక్కో షేరుకు లెక్కెయ్యాలి. అమ్మకాలు 20 శాతం పెరిగి, ఉద్యోగులకిచ్చిన స్టాక్ ఆప్షన్ల వల్లో కొత్త జారీ వల్లో షేర్ల సంఖ్య 6 శాతం పెరిగితే, మీ వాటాకి వచ్చిన వృద్ధి 13.2 శాతమే. ఫ్రీ క్యాష్ ఫ్లో (వ్యాపారంలోంచి వచ్చిన నగదులో పెట్టుబడి ఖర్చు పోను మిగిలేది) చూసేవాళ్లు కూడా ఇక్కడ బోల్తా పడతారు. జీతం బదులు షేర్లిస్తే నగదు బయటికి పోదు కాబట్టి ఫ్రీ క్యాష్ ఫ్లో నిండుగా కనిపిస్తుంది.

బేస్ చిన్నదైతే శాతాలు మోసం చేస్తాయి. ఈపీఎస్ 10 నుంచి 2కి పడి మళ్లీ 6కి వస్తే ఆ ఏడాది వృద్ధి 200 శాతం. మైనస్ 3 నుంచి 5కి వస్తే శాతానికి అర్థమే ఉండదు. పైన చెప్పిన ఎస్ అండ్ పీ పద్ధతి, అంటే ఈపీఎస్ మార్పును ధరతో భాగించడం, ఈ రెండో చిక్కుని తప్పిస్తుంది. మార్పు 8, ధర 100 అయితే 8 శాతం. మొదటి చిక్కుని తప్పించదు. చమురు కంపెనీలు గ్రోత్‌లోకి రావడం అందుకే.

కంపెనీలను కొని చూపించే వృద్ధిని విడిగా తియ్యాలి. కొన్న వ్యాపారాల అమ్మకాలు తీసేస్తే ఎంత పెరిగిందో చాలా కంపెనీలు వార్షిక నివేదికలో చెబుతాయి. చెప్పకపోతే గుడ్‌విల్ (కొన్న కంపెనీకి దాని నికర ఆస్తుల విలువకన్నా ఎక్కువిచ్చిన మొత్తం) ఏటా ఎంత పెరుగుతోందో చూడండి.

పీఈజీ (పీఈని వృద్ధి శాతంతో భాగించిన అంకె) అంటే నాకు అసలు నమ్మకం లేదు. పీఈ 30, వృద్ధి 30 అయితే 1. పీఈ 8, వృద్ధి 8 అయినా 1. రెండూ ఒకటేనా? ఆ వృద్ధి ఎన్నేళ్లు నిలుస్తుందో, దానికి ఎంత పెట్టుబడి పడుతుందో అందులో ఎక్కడా లేదు.

దాని బదులు తిరగేసి లెక్కెయ్యండి. లాభం 100, పీఈ 50, అంటే ధర 5000. పదేళ్లపాటు ఏటా 12 శాతం రాబడి కావాలంటే ధర 15,529కి చేరాలి (డివిడెండ్ లేదనుకుంటున్నాను). అప్పటికి వృద్ధి నెమ్మదించి పీఈ 20కి దిగుతుందనుకుంటే లాభం 776 ఉండాలి. అంటే పదేళ్లూ ఏటా 22.7 శాతం పెరగాలి. ఆ ధర మన ముందు పెడుతున్న ప్రశ్న అదీ. ఈ రంగంలో అంత వేగంతో పదేళ్లు పెరిగినవి ఎన్నున్నాయో వెతికితే జవాబు మీకే తెలుస్తుంది.

లెక్కలపుస్తకం
ఎదుగుదల గారి ఉదాహరణకే ఒక చేర్పు. ఆ విలువలో ఎక్కువ భాగం చాలా దూరపు ఏళ్లలో ఉంది, అందుకే వడ్డీ రేట్లు పెరిగితే ఇలాంటి షేర్లు ఎక్కువ వణుకుతాయి. కోరే రాబడి 12 బదులు 14 పెట్టి అదే లెక్క చేస్తే కావాల్సిన వృద్ధి 24.9 శాతానికి పోతుంది.

సూచీపురుగు
పరిశోధకుల నిర్వచనం కూడా చెప్పాలి, ఎందుకంటే "వాల్యూ ఎక్కువ రాబడి ఇస్తుంది" అన్న వాదనలు చాలామట్టుకు దాని మీదే నిలబడ్డాయి. ఫామా, ఫ్రెంచ్ 1993 పత్రంలో వాల్యూ, గ్రోత్ వేరు చేయడానికి వాడింది ఒకే కొలత: బుక్ వాల్యూను మార్కెట్ విలువతో భాగించడం. పై 30 శాతం వాల్యూ, కింది 30 శాతం గ్రోత్, మధ్యలో 40. బుక్ వాల్యూ మైనస్‌లో ఉన్నవాటిని తీసేశారు. గమనించండి, వృద్ధిని వాళ్లు కొలవనే లేదు. వాళ్ల "గ్రోత్" అంటే పీబీ ఎక్కువున్నవి, అంతే.

ఇంకో చిన్న వివరం. జూన్ చివర జాబితా కడతారు, కానీ మార్కెట్ విలువ అంతకుముందు డిసెంబర్‌ది తీసుకుంటారు. ఏడాదంతా అదే జాబితా కాబట్టి ధర ఆరు నెలల నుంచి 18 నెలల పాతదవుతుంది. 2013లో ఆస్‌నెస్, ఫ్రాజినీ తాజా ధర వాడితే ఫలితం మెరుగవుతుందని, ముఖ్యంగా మొమెంటమ్‌తో కలిపి చూసినప్పుడు, చూపించారు.

వృద్ధిని విడిగా కొలిచినవాళ్లు లాకొనిషాక్, ష్లైఫర్, విష్ణీ. 1994 పత్రంలో గత అమ్మకాల వృద్ధి ఒక అక్షం, ధరతో పోలిస్తే నగదు ప్రవాహం రెండో అక్షం. గతంలో నెమ్మదిగా పెరిగి ఇప్పుడు చవకగా ఉన్నవి వాల్యూ. వేగంగా పెరిగి ఖరీదుగా ఉన్నవి గ్లామర్. మదుపరులు పాత వృద్ధిని భవిష్యత్తులోకి మరీ ఎక్కువ కాలం సాగదీస్తారన్నది వాళ్ల వివరణ. పైన లెక్కలపుస్తకం గారు చెప్పిన రెండక్షాల ఆలోచనకు ఇది దగ్గరగా ఉంటుంది, నాకు నచ్చేదీ ఇదే.

కొత్తమదుపరి
చాలా స్పష్టమైంది, అందరికీ ధన్యవాదాలు. సొంతంగా జాబితా కట్టాలంటే పీఈ ప్రకారం వరుస పెట్టి మొదలుపెట్టొచ్చా?

లెక్కలపుస్తకం
పీఈ ప్రకారం వద్దండీ, తిరగేసి లాభం ÷ ధర ప్రకారం పెట్టండి. పీఈ వరుసలో నష్టాల కంపెనీ మైనస్ 2తో అందరికన్నా చవకగా పైకెక్కి కూర్చుంటుంది. లాభాన్ని ధరతో భాగిస్తే అదే కంపెనీ మైనస్ 50 శాతంతో అట్టడుగుకి పోతుంది, ఉండాల్సిన చోటు అదే. తర్వాత ప్రతి రంగాన్నీ విడిగా వరుస పెట్టండి, లేకపోతే వాల్యూ జాబితా మొత్తం బ్యాంకులు, చమురు, విద్యుత్తుతో నిండిపోతుంది. ఒక్క కొలత మీద ఆధారపడకుండా లాభం, నగదు ప్రవాహం, అమ్మకాలు మూడింట్లో వచ్చిన ర్యాంకుల సగటు తీసుకుంటే ఒకదాని లోపం ఇంకొకటి కొంత పూడుస్తుంది. వృద్ధి ర్యాంకును ఇందులో కలపకుండా పక్కన వేరే కాలమ్‌లో పెట్టుకోండి.

పుస్తకవిలువ
ఫండ్లను పోల్చేటప్పుడూ ఇదే జాగ్రత్త. సమాన బరువుతో ఉన్న రెండు షేర్ల పీఈలు 10, 50 అయితే ఫండ్ పీఈ 30 కాదు, 16.7. ఎందుకంటే ధరకు తగ్గ లాభం 10 శాతం, 2 శాతం. సగటు 6 శాతం. దాన్ని తిరగేస్తే 16.7. నష్టాల కంపెనీలను ఈ సగటులో చేర్చారా, వదిలేశారా అన్నది ఫ్యాక్ట్‌షీట్ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. సగం డబ్బు పీఈ 20 షేరులో, మిగతా సగం ధరలో 2 శాతం నష్టపోతున్న షేరులో ఉందనుకోండి. నష్టాన్ని వదిలేస్తే ఫండ్ పీఈ 20 అని వేస్తారు. కలిపితే సగటు 1.5 శాతం, అంటే పీఈ 66.7.